రెండు కిలోల సెమిస్టరు

నర్సీపట్నంలో పాతపేపర్ల సన్నిబాబు ఇంట్లో ఉన్నది నలుగురు, నలుగురికీ తెలివే. ఎంత తెలివంటే, ఎవరేమన్నా ఆ మాటని అన్నది అన్నట్టే పట్టుకునేవాళ్ళు, ఒక్క అక్షరం కింద పడనిచ్చేవాళ్ళు కాదు. "ఊళ్ళోవాళ్ళు మాట సగమే వింటారు. మనం పూర్తిగా వింటాం. అదీ తేడా" అని సన్నిబాబు రోజూ భోజనాల దగ్గర చెప్పేవాడు. భార్య వరహాలమ్మ, తమ్ముడు ఎర్నాయుడు, కూతురు పైడిశ్రీ ముద్ద నోట్లో పెట్టుకుని తలలూపేవాళ్ళు.

నలుగురిలోనూ పైడిశ్రీ తెలివి ఒక పాలు ఎక్కువని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. ఇంటర్ ప్యాసైంది మరి. పైగా కొట్టుకి తూకానికొచ్చిన పుస్తకాలన్నీ చదివేది. అలా చదువుతుంటే అట్ట ఊడిన జువాలజీ పుస్తకం ఒకటి దొరికింది. అందులో ఒక బొద్దింక. దానికి ఆరు కాళ్ళు, పదమూడు గదుల గుండె. నూట పన్నెండో పేజీ చివర 'ఇప్పుడు బొద్దింకను ట్రేలో వెల్లకిలా పడుకోబెట్టవలెను' అని ఉంది. ఆ తర్వాత పేజీలు లేవు. పడుకున్న బొద్దింక లేచిందా, లేదా? రెండేళ్ళుగా పైడిశ్రీకి అదే బెంగ.

"జువాలజీలో చేరితే తెలుస్తుందే" అంది వరహాలమ్మ.

"సీటొస్తే చేరు. రాకపోతే సోమవారం నుంచి కొట్లో సీసాలు ఏరుదువుగాని" అన్నాడు సన్నిబాబు.

అంతే. మంగళవారం పొద్దున్నే నలుగురూ డిగ్రీ కాలేజీకి బయల్దేరారు.

అక్కడ కొత్తగా చేరేవాళ్ళ ఫారాలు చూసేది జువాలజీ సుభాషిణి మేడమ్. ఓపికగల మనిషి. ఇది మంగళవారం నాటి మాట.

"ఇదిగోమ్మా ఫారం. ఇక్కడ మేజర్, ఇక్కడ మైనర్ రాయాలి. కింద ఆరు సెమిస్టర్లకీ ఏ సబ్జెక్టు ఎప్పుడు చదువుతావో రాయాలి. బరువైనవన్నీ ఒకే సెమిస్టర్లో పెట్టుకుంటే మోయలేవు. బరువు అన్నిట్లోకీ సమంగా సర్దుకో. ఈ ఆరు పుస్తకాలూ ఇంటికి తీసుకెళ్ళి ఒకసారి తిరగేసి చూడు. ముందూ వెనకా చూసుకుని నింపు. శనివారం సాయంత్రం ఐదింటికల్లా ఇవ్వకపోతే సీటు పోతుంది. మిగిలింది ఒక్కటే. నీ వెనకాల పదిమంది కాచుకుని ఉన్నారు."

నలుగురూ గిరుక్కున వెనక్కి తిరిగారు. వెనకాల బీరువా ఉంది.

"బీరువాలో దాక్కున్నట్టున్నారు" అని ఎర్నాయుడు అన్న చెవిలో గొణిగి, పైకి, "ఆ సీటు ఎక్కడుంది మేడమ్?" అని అడిగాడు.

"జువాలజీ క్లాసులో" అంది మేడమ్, అప్పటికే ఇంకో ఫారం చూస్తూ.

ఇంకేముంది. ఎర్నాయుడు జువాలజీ క్లాసు వెతుక్కుంటూ వెళ్ళాడు. రెండో ఏడాది పిల్లలకి పాఠం జరుగుతోంది. చివర ఒక బెంచీ ఖాళీగా ఉంది. వెళ్ళి దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వెంట వచ్చిన వరహాలమ్మతో, "వదినా, క్యారేజీ ఇక్కడికే పంపించు. దీన్నెవడు పట్టుకుపోతాడో నేనూ చూస్తాను" అన్నాడు. పాఠం చెబుతున్న కొత్త లెక్చరర్ ఆ మీసాలూ, జేబులో రెండు పెన్నులూ చూసి, పైనుంచి తనిఖీకి వచ్చిన మనిషనుకున్నాడు. ఆ వారమంతా చెమటలు కక్కుతూ గంట కొట్టేదాకా పాఠం చెప్పాడు.

ఇంటి దగ్గర మిగతా ముగ్గురూ పనిలో పడ్డారు. ముందు పుస్తకాలు తిరగేసి చూశారు. అంటే ఆరింటినీ తలకిందులు చేసి వరసగా పెట్టి చూశారు.

"అట్ట మీది ఏనుక్కి కాళ్ళు పైకొచ్చాయి" అంది వరహాలమ్మ. "అంతకుమించి నాకేం తేడా కనబళ్ళేదు."

"సరే, తిరగెయ్యడం అయింది. ఇక బరువు. పుస్తకాల బరువు నాకొకరు చెప్పాలా?" అని సన్నిబాబు కాటా దింపాడు. ముప్పై ఏళ్ళుగా అతను చేస్తున్న పనే అది. కణశాస్త్రం కిలోంపావు. జన్యుశాస్త్రం కిలో ఎనిమిది వందలు. జీవరసాయనం ఆరువందలు తూగింది.

"జీవరసాయనం చాలా కష్టమని పక్కింటి పిల్ల భయపెట్టింది నాన్నా. ఇంతేనా ఇది!" అని పైడిశ్రీ తేలికపడింది.

పెద్ద పుస్తకాలని మధ్యకి విడదీసి, ఒక్కో సెమిస్టరుకి కిలో చొప్పున పంచారు. "కిలో అంటే మరీ చిన్నపిల్లల చదువులా ఉంది" అని వరహాలమ్మ మూతి విరిచింది. దాంతో కొట్లోంచి పాత డిక్షనరీలు తెచ్చి రెండేసి కిలోలు చేశారు. ఎన్నిసార్లు సర్దినా నాలుగో సెమిస్టరు రెండొందల గ్రాములు తగ్గుతోంది. వరహాలమ్మ వంటింట్లోకి వెళ్ళి చింతపండు పొట్లం తెచ్చి పళ్ళెంలో పడేసింది. ముల్లు సరిగ్గా మధ్యకొచ్చి నిలబడింది.

"చింతపండు కూడా ఫారంలో రాయాలా అమ్మా?"

"రాయాలే. రాయకపోతే మోసం కాదూ?"

ఇక మేజర్, మైనర్. దానికి పెద్దగా ఆలోచించక్కర్లేకపోయింది. "మేజరంటే పద్దెనిమిది నిండినవాళ్ళు. నీకింకా నాలుగు నెలలు తక్కువ" అన్నాడు సన్నిబాబు. అంతే, మేజర్ దగ్గర సన్నిబాబు అనీ, మైనర్ దగ్గర పైడిశ్రీ అనీ పడింది. పైడిశ్రీ రాస్తున్నంతసేపూ తండ్రి ముందు చూశాడు, తల్లి వెనక చూసింది.

"వెనకేముందే?"

"పిల్లి."

"వెళ్ళిందా?"

"ఆ, వెళ్ళింది. రాసుకో తల్లీ."

శుక్రవారం ఫారం పట్టుకెళ్ళారు. సుభాషిణి మేడమ్ ఒకసారి చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"సన్నిబాబు అనే సబ్జెక్టు మా కాలేజీలో లేదమ్మా."

"నేనేనండి" అన్నాడు సన్నిబాబు వినయంగా.

"ఒకటో సెమిస్టరు రెండు కిలోలా? నాలుగో దాంట్లో ఈ చింతపండు ఏమిటి?"

"రెండొందల గ్రాములే మేడమ్" అంది పైడిశ్రీ.

మేడమ్ లేచి మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చుంది. "బరువంటే కాగితాల బరువు కాదు తల్లీ! ఏ పుస్తకం నీ తలకెక్కుతుంది, ఏది ఎక్కదు, అది చూసుకోవాలి. తేలిగ్గా ఎక్కేవి ముందు పెట్టుకో. కణశాస్త్రం లేనిదే జన్యుశాస్త్రం ఎక్కదు. దాని మీదే ఇది నిలబడాలి. అర్థమైందా?"

"మీరు మొన్నే ఇలా విడమర్చి చెప్పుంటే బాగుండేది మేడమ్" అంది పైడిశ్రీ. కొత్త ఫారం తీసుకుని ఇంటికొచ్చింది.

ఇంకేముంది. శనివారం పొద్దున్నే పెరట్లో పీట వేసి పైడిశ్రీని కూర్చోబెట్టారు. సన్నిబాబు మధ్యకి విడదీసినవాటిని మళ్ళీ అతికించి, ఒక్కో పుస్తకమే తెచ్చి తల మీద పెట్టాడు. జన్యుశాస్త్రం పెట్టగానే జారి అతని కాలి బొటనవేలి మీద పడింది. ఈసారి కింద కణశాస్త్రం పెట్టి పైన జన్యుశాస్త్రం పెట్టారు. కదలకుండా నిలబడింది!

"చూశావా, మేడమ్ మాట అక్షరాలా నిజం!" అని అతను ఒంటికాలి మీద గెంతుతూ ఆనందపడ్డాడు.

వృక్షశాస్త్రం ఎక్కింది. జీవావరణం ఎక్కింది. కీటకాల పుస్తకం కూడా ఎక్కింది. జీవరసాయనం మాత్రం ఎక్కనంటే ఎక్కనంది. పెట్టినప్పుడల్లా జారిపోతోంది.

"పక్కింటి పిల్ల చెప్పింది నిజమేనన్నమాట" అంది పైడిశ్రీ.

"తలకి నూనె ఎక్కువైందే" అంది వరహాలమ్మ. వెంటనే కుంకుడుకాయలు కొట్టి తలంటి పోసింది. జుట్టు ఆరేసరికి నాలుగైంది. అప్పుడెక్కింది జీవరసాయనం. ఆరు పుస్తకాలూ తల మీద దొంతరగా నిలబడ్డాయి.

"దించొద్దు! దించితే మళ్ళీ ఎక్కుతాయో ఎక్కవో. ఇలాగే పద!" అన్నాడు సన్నిబాబు.

పైడిశ్రీ మెడ బిగించి, చేతులు చాపి, బజారు మధ్యలోంచి నడిచింది. తండ్రి కుడివైపు, తల్లి ఎడమవైపు. వెనకెవరూ లేరు, ఎందుకంటే ఎర్నాయుడు ఇంకా సీటు మీదే ఉన్నాడు. కాలేజీ మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఐదుకి పది నిమిషాలు తక్కువ. అప్పుడు చూసుకుంటే ఫారం ఖాళీ. రాద్దామంటే తల వంచడానికి లేదు. రాయకపోతే సీటు లేదు. సీటు లేకపోతే సోమవారం నుంచి సీసాలు, ఆ బొద్దింక సంగతి జన్మలో తెలీదు. పైడిశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకోవడానికైనా తల కదిలించలేదు.

తలుపు తోసుకుని వచ్చిన ఆ గోపురాన్ని సుభాషిణి మేడమ్ కాసేపు చూసింది.

"అన్నీ తలకెక్కాయి మేడమ్. కానీ ఫారం నిండలేదు" అంది పైడిశ్రీ.

"నీకు జువాలజీ ఎందుకమ్మా అసలు?"

"బొద్దింకని ట్రేలో పడుకోబెట్టాక ఏమైందో తెలుసుకోవాలి మేడమ్. నా దగ్గర నూట పన్నెండో పేజీ వరకే ఉంది."

మేడమ్ పెన్ను తీసింది. మేజర్ జువాలజీ, మైనర్ బాటనీ, ఆరు సెమిస్టర్లూ వరసగా తనే గబగబా నింపేసింది. సంతకం పెట్టడానికి మాత్రం పైడిశ్రీ తల మీది పుస్తకాలు తన చేత్తోనే దించింది. ఐదు కొడుతుండగా ముద్ర వేసి రసీదు చేతికిచ్చింది.

"ఇదిగో, ఇక సీటు నీది. దీన్నెవరూ నీ దగ్గర్నుంచి లాక్కోలేరు. ఆ పుస్తకాలు కూడా నీ దగ్గరే ఉంచుకో. సోమవారం తొమ్మిదికి క్లాసు."

"అయితే తీసుకెళ్ళమంటారా?" అన్నాడు సన్నిబాబు.

"తీసుకెళ్ళండి బాబూ, తీసుకెళ్ళండి" అని మేడమ్ రెండు చేతులూ జోడించింది.

అంతే. సన్నిబాబు పాతపేపర్ల రిక్షా తెచ్చాడు. అన్నదమ్ములిద్దరూ జువాలజీ క్లాసులోంచి బెంచీని ఎత్తుకొచ్చి తాళ్ళతో కట్టారు. గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డుపడితే పైడిశ్రీ రసీదు చూపించింది. దాని మీద 'సీటు ఇవ్వబడినది' అని ముద్ర ఉంది. వాచ్‌మన్ గేటు తీశాడు.

సోమవారం పావుతక్కువ తొమ్మిదికి పైడిశ్రీ తలదువ్వుకుని, ఆరు పుస్తకాలు పక్కన పెట్టుకుని, ఇంటి అరుగు మీద తన సీట్లో కూర్చుంది. తొమ్మిదైంది. పదైంది. వరహాలమ్మ ఇడ్లీ ప్లేటు చేతికిచ్చింది. అప్పుడు ఫోను మోగింది.

"ఏమ్మా, మొదటిరోజే క్లాసుకి రాలేదేం?" సుభాషిణి మేడమ్.

"తొమ్మిది కాకముందు నుంచీ సీట్లోనే ఉన్నాను మేడమ్. మీరే ఇంకా రాలేదు."

అవతల మేడమ్ ఎవరితోనో బెంచీలు లెక్కపెట్టించింది. తర్వాత, "ఇక్కడ ముగ్గురు పిల్లలు బెంచీ లేక నిలబడి ఉన్నారు. అంటే అది... ఓరి దేవుడా! ఉన్నపళంగా బయల్దేరి రా!"

"ఉన్నపళంగా అన్నారు" అని పైడిశ్రీ ఇంట్లోవాళ్ళకి చెప్పింది.

ఇంకేముంది. ఉన్నది ఉన్నట్టుగా, ఇడ్లీ ప్లేటుతో సహా, బెంచీ మీది పైడిశ్రీని ఎత్తి రిక్షాలో పెట్టారు. బజారంతా చూస్తుండగా రిక్షా కాలేజీ వరండా ముందు ఆగింది. మేడమ్ మెట్ల మీద నిలబడి ఉంది. ఆవిడ వెనక క్లాసు క్లాసంతా ఉంది.

"దిగు" అంది మేడమ్ నీరసంగా. "దిగి, లోపలికొచ్చి కూర్చో."

సన్నిబాబు ఎర్నాయుడి వైపు చూశాడు. ఎర్నాయుడు వరహాలమ్మ వైపు చూశాడు.

"పాపం" అన్నాడు సన్నిబాబు గొంతు తగ్గించి. "కూర్చున్న పిల్లని లేపి మళ్ళీ కూర్చోమంటోంది. అంత చదివి ఏం లాభం?"

"ఆవిడకి పుస్తకాలు తలకెక్కలేదేమో నాన్నా" అంది పైడిశ్రీ. తనకి సీటిచ్చిన మనిషి కదా, చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టి, బెంచీ దిగి, రెండు పుస్తకాలు చంకన పెట్టుకుని మెట్లెక్కింది.

"కదలకండి మేడమ్" అంది మునివేళ్ళ మీద లేస్తూ. "ముందు కణశాస్త్రం పెడతాను."