టవల్ వేసిన కుర్చీ

ఆ రోజు మురహరికి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి! పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు. వైద్యసాయం మంజూరు చేసే సర్వర్ కదలడం లేదు, మీరంతా అక్కడ గాడిదలు కాస్తున్నారా అని ఆస్పత్రులవాళ్ళు తిట్టడం, ఇతను చూస్తున్నాం సార్, చూస్తున్నాం సార్ అనడం.

మురహరి మా ప్రభుత్వ డేటా సెంటర్లో కొత్తగా చేరిన ఇంజనీరు. ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. అతనికి పని నేర్పుతున్నది ఫక్రుద్దీన్ గారు. సర్వర్ల సంగతిలో ఆయన్ని మించినవాడు మా దగ్గర లేడు. మాట తక్కువ, కోపం ఎక్కువ.

"నేనేం చెయ్యాలి సార్?" అని ఆయన బల్ల ముందు నిలబడి గొంతు పెంచాడు మురహరి. "మెమరీ లేదు. కొత్త సర్వర్లు కొనమని ఫైలు పెడితే దాని మీద కూర్చున్నారు. ఎక్కణ్ణుంచి తేను? మా ఇంట్లోంచి తేనా?"

"అంతా నిండిపోయిందా?"

"నిండిపోయింది."

"చూపించు."

తెర మీద చూపించాడు. తెలియనివాళ్ళకి చెప్తాను. ఒక్క పెద్ద యంత్రంలోనే శాఖకొకటి చొప్పున వర్చువల్ మెషీన్లని నడుపుతాం. ఒకే ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టన్నమాట. ఒకరు వాడుకోని మెమరీని ఇంకొకరు వాడుకోవచ్చు. కానీ ఇది ఫలానావాళ్ళకే అని కేటాయించేశామనుకోండి, వాళ్ళు వాడకపోయినా ఇంకెవరూ ముట్టుకోడానికి లేదు.

"ఈ పెద్ద ముక్క ఎవరిది?" అన్నారు ఫక్రుద్దీన్ గారు.

"జేడీ గారి సమీక్ష బోర్డుది సార్. మీటింగులో గోడ మీద రంగురంగుల లెక్కలు వస్తాయే, అది."

"ఇవాళ మీటింగుందా?"

"లేదు. నెలకోసారే."

"మరి?"

"ముట్టుకోకూడదు సార్. ఒకసారి జేడీ గారి ముందు తెర ఆలస్యంగా వచ్చిందట. అప్పట్నుంచీ పైనుంచి ఆర్డరు."

విన్నారా వరస! జాయింట్ డైరెక్టర్ గారి రంగుల బొమ్మలు ఆలస్యం కాకూడదట. ఆస్పత్రిలో పడున్నవాళ్ళు మాత్రం ఎంతసేపైనా ఆగొచ్చునట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు అంత మెమరీ ఊరికే పడి ఉంది. సిగ్గుండాలి!

ఫక్రుద్దీన్ గారు తెర మీది ఆ పెద్ద ముక్కనే చూస్తున్నారు.

అంతలో గుమ్మంలోకి ఒక పెద్దావిడ వచ్చింది. పేరు చెన్నమ్మట. మెట్లెక్కి రావడంతో రొప్పుతోంది.

"నాయనా, ఆపరేషన్ కాయితాలు చూసేది ఈడేనా?" అంది. "మా ఇంటాయనకు గుండె ఆపరేషన్. సాయంత్రంలోగా మంజూరు రాకుంటే రేపటి లిస్టులోంచి తీసేస్తామన్నారు ఆస్పత్రోళ్ళు. కంప్యూటర్ తిరుగుతానే ఉందంట. మీరే తిప్పుతా ఉన్నారంట గదా సామీ."

మురహరి తల దించుకున్నాడు. "చూస్తున్నామమ్మా" అన్నాడు. పొద్దున్నుంచీ అందరికీ చెప్పిన మాటే అది.

ఆవిడ కూర్చోడానికి చోటు కోసం చుట్టూ చూసింది. గదిలో ఖాళీగా ఉన్నది ఒకే ఒక్క కుర్చీ. మెత్తటి పెద్ద కుర్చీ, వీపుకి తెల్లటి టర్కీ టవల్ వేసి ఉంది. ఆవిడ అటు అడుగేసింది.

మురహరి చెయ్యి అడ్డం పెట్టాడు. "అది కాదమ్మా. అది జేడీ గారి కుర్చీ."

"యాడున్నారు నాయనా ఆయన?"

"ఇక్కడుండరు. ఎప్పుడన్నా వస్తారు."

"అట్నా" అని ఆవిడ పోయి గోడకి ఆనుకుని నిలబడింది. ఎదురు చెప్పలేదు, విసుక్కోలేదు. ఎన్ని ఆఫీసుల్లో అలా నిలబడి అలవాటైందో, పాపం.

ఫక్రుద్దీన్ గారు లేచారు. తిన్నగా ఆ కుర్చీ దగ్గరికెళ్ళి టవల్‌ని ఒక్క లాగు లాగారు. కుర్చీని ఆవిడ దగ్గరికి జరిపారు.

"కూర్చోమ్మా" అన్నారు. టవల్ ఆవిడ చేతికిచ్చారు. "మొహం తుడుచుకో. అది అందుకే."

మురహరి మొహంలో నెత్తురు చుక్క లేదు. "సార్, జేడీ గారికి తెలిస్తే..."

ఫక్రుద్దీన్ గారు గిర్రున తిరిగారు.

"ఆయన నిలబడి ఉన్నాడా?"

గది గదంతా దద్దరిల్లింది. ఆయన అంత గట్టిగా అరవడం మేమెప్పుడూ వినలేదు. తర్వాత వెళ్ళి తన చోట తను కూర్చుని, ఏమీ జరగనట్టు పని చూసుకున్నారు.

మురహరి, కుర్చీలో ఒదిగి కూర్చున్న చెన్నమ్మని చూశాడు. వెళ్ళి తన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కేటాయింపు తీసేస్తే ఆ క్షణమే జేడీ ఆఫీసుకి మెయిల్ పోతుంది. అది అతనికి బాగా తెలుసు. మౌస్ మీద వేలు ఆగింది. ఆగి, నొక్కింది. ఆ మెమరీని మంజూరు సర్వర్‌కి వదిలేశాడు.

కాసేపటికి చెన్నమ్మ ఫోన్ మోగింది. "అమ్మా, వచ్చిందే! మంజూరైందే!" అని ఆస్పత్రిలోంచి కొడుకు అరిచిన అరుపు మా అందరికీ వినబడింది. ఆవిడ టవల్‌లో మొహం దాచుకుని ఏడ్చింది. ప్రభుత్వం ఇస్తానన్నదేగా అది! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వకపోవడమంటే ఇదే.

ఆవిడ ఇంకా లేవకముందే బల్ల మీది ఫోన్ మోగింది. మురహరి తీశాడు. జేడీ గారి పీఏ. ఆయన గొంతుకి స్పీకర్ అక్కర్లేదు.

"ఎవడయ్యా ఆ కేటాయింపు తీసింది?"

మురహరి గురువుగారి వైపు చూశాడు. ఆయన తల ఎత్తలేదు.

"నేనే తీశాను సార్."

"ఎవరి ఆర్డరు మీద?"

"అది ఖాళీగా ఉంది సార్" అన్నాడు మురహరి. "మనుషులు నిలబడి ఉన్నారు."