ఆచారిగారు తోమిన నల్లబుట్ట

పార్వతీపురం కంచరివీధిలో సింహాద్రాచారి అనే పెద్దమనిషి ఉండేవాడు. ఇత్తడి పనిలో ఆయనకు సాటి లేదు, కానీ తనకు తెలియని సంగతి ఒకటి ఉందని ఒప్పుకునే అలవాటు కూడా ఆయనకు లేదు.

నలభై ఏళ్లు ఆయన బిందెలు, గుండిగలు, హారతి పళ్లేలు చేశాడు. ఇత్తడి గిన్నెలకు లోపల తగరంతో కళాయి పూశాడు. వయసు మీద పడ్డాక కొలిమి ఆర్పేశాడు. అయినా పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఏదో ఒక పాత్ర తోమకపోతే ఆయనకు కాఫీ సహించేది కాదు. చింతపండు పులుసు, మెత్తగా దంచిన ఇటుకపొడి, గట్టి కొబ్బరిపీచు ఆయన సరంజామా. ఆచారి తోమిన బిందెలో చూసుకుని మీసం దువ్వుకోవచ్చు అనేవారు వీధిలో జనం. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన నిజంగానే మీసం దువ్వుకునేవాడు.

ఆయన లెక్కలో లోకంలోని పాత్రలు రెండే రకాలు. మెరిసేవి శుభ్రమైనవి. నల్లగా ఉన్నవి తోమాల్సినవి. ఇందులో ఎవరైనా సలహా చెప్పబోతే, "నువ్వు పుట్టకముందు నుంచీ తోముతున్నాను" అనేవాడు. చెప్పేవాళ్లు తనకంటే పెద్దవాళ్లయితే ఆ మాట చెల్లదు కాబట్టి, వినిపించనట్టు ఊరుకునేవాడు.

ఆయన కోడలు కనకవల్లి. నెమ్మదైన పిల్ల, వంటలో నేర్పరి. భర్త రైలు పట్టాల పనిలో వారానికి నాలుగు రోజులు బయటే ఉండేవాడు. సొంతంగా ఏదైనా చిన్న పని పెట్టుకోవాలని ఆమె మూడేళ్లుగా అనుకుంటూ ఉంది. ఆ ఏడాది దారి దొరికింది. కాలేజీ మైదానంలో రోజూ పొద్దున నడిచేవాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్లలో సగం మందికి రక్తపోటు, సగం మందికి చక్కెర. నూనె లేని ఫలహారం ఎవరైనా చేసిపెడితే బాగుండునని వాళ్ల కోరిక. మైదానం గేటు పక్కన ఒక రేకుల షెడ్డు ఖాళీగా ఉంది.

"ఆదివారం పొద్దున అందరికీ రుచి చూపించమ్మా. నచ్చితే షెడ్డు నీది. లేకపోతే పై ఆదివారం ఇంకొకావిడ వస్తానంటోంది" అన్నారు సంఘం అధ్యక్షుడు నరసింగరావు మాస్టారు.

కనకవల్లి తాను దాచుకున్న డబ్బుతో ఎయిర్ ఫ్రయర్ కొంది. అది చూడటానికి చిన్న పీపాలా ఉంది. ముందు పిడి పట్టి లాగితే లోపలినుంచి నల్లటి బుట్ట వచ్చేది. అందులో శనగపప్పు వడలు పేర్చి లోపలికి తోస్తే, వేడిగాలికే ఎర్రగా కాలి వచ్చేవి. ఆచారి రెండు వడలు తిన్నాడు. మూడోది అడిగి మరీ తిన్నాడు. ఆయనకు నచ్చనిదల్లా కోడలు ఆ బుట్టను కడిగే పద్ధతి.

ఆమె ముందు బుట్టను పూర్తిగా చల్లారనిచ్చేది. తరవాత గోరువెచ్చటి నీళ్లలో కాస్త సబ్బు కలిపి నానబెట్టేది. మెత్తటి స్పాంజితో నెమ్మదిగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచేది.

"పసిపిల్లకు నీళ్లు పోస్తున్నావా, గిన్నె తోముతున్నావా?" అన్నాడు ఆచారి అరుగు మీదనుంచి.

"దీనికి పీచు తగలకూడదండీ మావయ్యగారూ. లోపల పూత ఉంటుంది. అది పోతే వంట అంటుకుపోతుంది."

"ఎంత రుద్దినా ఇంకా నల్లగానే ఉందిగా!"

"దాని రంగే నలుపండీ."

"నలుపు రంగు పాత్ర ఎక్కడైనా ఉందా? మసి పట్టిన పాత్ర ఉంటుంది గానీ!" అన్నాడాయన. కోడలు నవ్వి ఊరుకుంది. కోడలు నవ్విందంటే తనే గెలిచానని ఆయన అనుకున్నాడు.

శనివారం వచ్చింది. మర్నాటికి సరిచూసుకుందామని కనకవల్లి, చక్కెర జబ్బు లేనివాళ్ల కోసం చిలగడదుంప ముక్కలకు బెల్లం పాకం పట్టించి వేయించింది. ముక్కలు బాగా కుదిరాయి గానీ పాకం కారి బుట్ట అడుగున అట్టకట్టింది. ఆమె బుట్టను సబ్బు నీళ్లలో నానబెట్టి, పప్పు తేవడానికి సంచి తీసుకుంది.

"మావయ్యగారూ, బుట్ట నానుతోంది. నేను వచ్చి కడుక్కుంటాను. మీరు ముట్టుకోకండి" అని చెప్పి బజారుకు వెళ్లింది.

ఆచారి పెరట్లోకి వెళ్లి చూశాడు. నల్లటి బుట్ట, దాని మీద గోధుమ రంగు మరకలు. ఆయనకు కోడలి మీద జాలి కలిగింది. 'తెల్లారకముందే లేచింది. ఒక్క పూట నేను తోమి పెడితే ఏం పోయింది? శుభ్రమంటే ఏమిటో ఈ పిల్ల కూడా చూస్తుంది' అనుకున్నాడు. జాలి సగం, గొప్ప చూపించుకోవాలన్న ఆశ సగం. ఏది ఎక్కువో ఆయనకే తెలియలేదు.

పంచె ఎగగట్టి కూర్చున్నాడు. చింతపండు పిసికాడు. ఇటుకపొడి చల్లాడు. పీచు తీసుకుని నలభై ఏళ్ల బలంతో రుద్దాడు. కాసేపటికి నీళ్లలో నల్లటి రేకులు తేలాయి. "అమ్మో! ఇంత మురికిలోనా మాకు వడలు చేసి పెట్టింది!" అనుకుని ఇంకా గట్టిగా రుద్దాడు. అడుగున తెల్లటి లోహం కనిపించింది. ఆయన ముఖం వెలిగింది. పీచు అందని మూలల్లో ఇనుపపీచు పెట్టి తిప్పాడు. గంట గడిచేసరికి నల్లబుట్ట మచ్చలు మచ్చలుగా తెల్లబుట్ట అయింది. దాన్ని గోడ మీద ఎండబెట్టి, కోడలి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

కనకవల్లి వచ్చింది. గోడవైపు చూసింది. చేతిలోని సంచి మెల్లగా కింద పెట్టింది.

"ఎలా ఉంది?" అన్నాడు ఆచారి.

ఆమె బుట్టను తీసుకుని లోపల వేలితో రాసింది. వేలికి నల్లటి పొలుసు అంటుకుంది. లోపలికి వెళ్లి, పొద్దున మిగిలిన పిండితో నాలుగు వడలు పెట్టి చూసింది. వాటిని తీయబోతే ఒక్కటీ ముక్కలవకుండా రాలేదు. సగం బుట్టకే అతుక్కుపోయాయి. ఊడి వచ్చిన ముక్కల అడుగున నల్లటి రేకులు కనిపించాయి. ఆమె వాటిని చెత్తలో పారేసింది.

"అవెందుకు పారేశావు? తినొచ్చుగా" అన్నాడు ఆచారి, గొంతు కొంచెం తగ్గించి.

"ఊడిన పూత మనుషుల చేత తినిపించలేను మావయ్యగారూ. ఈ బుట్ట ఇక పనికిరాదు. కొత్తది తెప్పిస్తే పది రోజులు పడుతుంది." ఆమె పప్పు సంచిని మూలకు నెట్టింది. "నేను మాస్టారుగారికి రాలేనని చెప్పి వస్తాను."

"ఆగాగు. నాకు కళాయి వెయ్యడం రాదా? నేను కొత్త పూత వేస్తాను! సాయంత్రానికి అయిపోతుంది."

కనకవల్లి ఆయన ముఖంలోకి చూసింది. పెళ్లయి వచ్చాక అలా సూటిగా చూడటం అదే మొదటిసారి. "ఈసారైనా ఎవరినైనా ఒక మాట అడిగి చెయ్యండి మావయ్యగారూ. చీకటి పడేదాకా ఆగుతాను" అంది.

ఆ మాట ఆయనకు సూదిలా గుచ్చుకుంది. బుట్టను గుడ్డలో చుట్టుకుని, చెప్పులు వేసుకుని వీధిలో పడ్డాడు. మెయిన్ రోడ్డు మీద మస్తాన్ అనే అతను మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తాడు. నేరుగా అతని కొట్టుకు వెళ్లి బుట్ట బల్ల మీద పెట్టాడు.

"మస్తానూ, దీనికి కళాయి వేస్తే ఆగుతుందా?"

మస్తాన్ బుట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవరండీ దీన్నిలా చెక్కింది? ఎలుగుబంటి గానీ గీరిందా?"

"నేనే తోమాను."

మస్తాన్ నాలిక కరుచుకున్నాడు. తరవాత నవ్వాపుకోలేకపోయాడు. "ఆచారిగారూ, ఒకసారి మీరు కళాయి వేసిన గిన్నెను మా అమ్మ ఇటుకపొడితో లోపలంతా తోమింది. మా ఇంటికొచ్చి మీరు ఎన్ని తిట్లు తిట్టారు! పూత పూసేది గీకడానికా అన్నారు."

ఆ తిట్లన్నీ ఆచారికి గుర్తున్నాయి. ఒక్కొక్కటే తన మీదికే వచ్చి పడుతున్నట్టు ఉంది.

"దీనికి కళాయి ఆగదండీ. ఈ పూత కార్ఖానాలో వేసేది, మన చేతుల్లో లేదు" అన్నాడు మస్తాన్.

"మరి దీన్ని ఎలా కడగాలి? చెప్పు." ఆ ప్రశ్న ఆయన నోట రావడానికి అరవై ఎనిమిదేళ్లు పట్టింది.

మస్తాన్ నవ్వు మానేసి ముందుకు వంగాడు. "వేడి మీద నీళ్లు పొయ్యకూడదండీ. చల్లారాక సబ్బునీళ్లలో నానబెడితే అంటుకున్నది తనే వదులుతుంది. బెల్లం లాంటిది మొండికేస్తే తినే సోడా నీళ్లతో కలిపి ముద్దలా రాసి కాసేపు వదిలెయ్యాలి. అంతేగానీ బలం వాడకూడదు. ఇనుప గరిటె కూడా పెట్టకూడదు, చెక్కదే పెట్టాలి. తడి బుట్ట మిషనులో పెట్టకూడదు."

'ఇదంతా కోడలు చేస్తూనే ఉంది' అనుకున్నాడు ఆచారి. "రేపు పొద్దునకి ఇలాంటి బుట్ట ఎక్కడైనా దొరుకుతుందా?"

"ఇదే రకం మిషను నర్సు సుగుణమ్మగారింట్లో ఉంది. మొన్ననే వైరు మార్చి ఇచ్చాను. అడిగి చూడండి."

ఆచారి ముఖం మాడిపోయింది. రెండేళ్ల కిందట కొలిమిలో చెయ్యి కాలితే, కాలిన చోట సున్నం రాయొద్దని సుగుణమ్మ చెప్పింది. "నా చెయ్యి సంగతి నాకు తెలియదా?" అని ఆమె ముందే రాసుకున్నాడు. పుండు నెల రోజులు మానలేదు. అప్పటినుంచీ ఆమె ఇంటి ముందునుంచి వెళ్లాల్సి వస్తే పక్క సందులోంచి తిరిగి వెళ్లేవాడు.

ఆ సాయంత్రం ఆయన సందులోంచి వెళ్లలేదు. సుగుణమ్మ గుమ్మం ముందు చెప్పులు విప్పాడు. జరిగిందంతా చెప్పి, ఒక్క పూటకు బుట్ట అరువు ఇమ్మన్నాడు.

సుగుణమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. "ఇస్తాను. మీరు ఎలా కడుగుతారో ముందు చెప్పండి."

"మా కోడలు కడుగుతుందండీ."

"కోడలికి తెలుసు. నేను అడిగింది మిమ్మల్ని."

ఆచారి చేతులు కట్టుకుని పాఠం అప్పజెప్పాడు. చల్లారబెట్టడం, నానబెట్టడం, స్పాంజి, తినే సోడా, చెక్కగరిటె. ఒక్కటీ వదల్లేదు.

"కడిగాక?"

"పొడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. తడి బుట్ట మిషనులో పెట్టకూడదు."

"మరి మిషను లోపల, పైన, వేడి పుట్టే తీగ చుట్ట ఉంటుంది. దానికి జిడ్డు పట్టిందనుకోండి. అప్పుడు?"

ఇది మస్తాన్ చెప్పలేదు. 'నాకు తెలియదా!' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. తోచిందేదో చెప్పేస్తే సరిపోయేది. బుట్ట చేతికి వచ్చేది. కానీ చెత్తలో పడ్డ వడలు, కోడలి సూటి చూపు ఆయనకు గుర్తొచ్చాయి.

"తెలియదమ్మా. చెప్పండి" అన్నాడు.

సుగుణమ్మ ముఖం మెత్తబడింది. "ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక, గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడవాలి. నీళ్లు పొయ్యకూడదు. చూశారా, అడిగితే ఎంతసేపు పట్టింది!" అని లోపలికి వెళ్లి బుట్ట తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. "ఒక షరతు. కడిగి తిరిగి ఇవ్వాల్సింది మీరే."

ఆదివారం పొద్దున కాలేజీ మైదానంలో కనకవల్లి వడలు వేడివేడిగా పళ్లేల్లోకి వచ్చాయి. చిలగడదుంప ముక్కలు చెదరకుండా, అంటుకోకుండా జారి పడ్డాయి. నడిచేవాళ్లు మొదట ఒకటి తీసుకున్నారు. తరవాత వరస కట్టారు. నరసింగరావు మాస్టారు నాలుగో వడ తింటూ, "వంట బాగుందమ్మా. కానీ రోజూ ఇంతమందికి చేస్తే గిన్నెల శుభ్రం సంగతేమిటి? ఇక్కడ అందరివీ జబ్బు ఒళ్లు" అన్నారు.

కనకవల్లి జవాబు చెప్పేలోగా గేటు దగ్గరి కుళాయివైపు అందరూ తిరిగారు. అక్కడ సింహాద్రాచారి పీట వేసుకుని కూర్చున్నాడు. చల్లారిన బుట్టను సబ్బునీళ్లలోంచి తీసి, మెత్తటి స్పాంజితో మెల్లగా రాస్తున్నాడు.

కంచరివీధి మనిషి ఒకాయన పెద్దగా నవ్వాడు. "ఏం ఆచారిగారూ! మీ చేతిలో స్పాంజా? బలం తగ్గిపోయిందా?"

"బలం అలాగే ఉందయ్యా" అన్నాడు ఆచారి తల ఎత్తకుండా. "నిన్న ఆ బలంతోనే మా కోడలి బుట్ట పాడుచేశాను. ఇది అడిగి తెచ్చిన బుట్ట. ఎలా కడగాలో కూడా అడిగే తెలుసుకున్నాను."

మాస్టారు కుళాయి దగ్గరికి వెళ్లి, బుట్టను తీసుకుని లోపల వేలితో రాసి చూశారు. వేలికి ఏమీ అంటలేదు.

"షెడ్డు తాళం రేపు తీసుకో కనకవల్లీ" అన్నారు.

కనకవల్లి పళ్లెంలో మిగిలిన రెండు వడలు తెచ్చి మావయ్యగారి పక్కన పెట్టింది. ఆయన వెంటనే తినలేదు. ముందు బుట్టను పొడిగుడ్డతో తుడిచి, తడి ఎక్కడైనా మిగిలిందేమోనని అంచులన్నీ తడిమి చూసి, అప్పుడు చెయ్యి చాపాడు.

నీతి: చేతికి ఎంత పనితనం ఉన్నా, కొత్త వస్తువును ముట్టుకునే ముందు దాని సంగతి తెలిసినవాళ్లను అడగాలి, తెలియదని ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు, తెలిసినట్టు నటించి పాడుచేయడంలోనే ఉంది.