నోరు కట్టే గోధుమ

ఉగాది విందులో కోనగిరి రాజు భైరవరాయలు భక్ష్యాన్ని నోటిదాకా తెచ్చాడో లేదో, అది మధ్యకు చిరిగి పూర్ణమంతా పట్టుపంచె మీద పడింది. రాజు మండిపడ్డాడు. దీనికి కారణమేమిటో మర్నాడు కొలువులో తేలాలన్నాడు.

కారణం ఎదురుగానే కూర్చుని ఉంది. దాని పేరు శేషాద్రి పంతులు. ఆస్థానంలో పంటల అధికారి. రకరకాల గోధుమలను కలిపి రేగు గింజంత గింజ వేసే కొత్త వంగడాన్ని పుట్టించాడు. తనకు తానే ‘సస్యబ్రహ్మ’ అని బిరుదు తగిలించుకున్నాడు. గింజ లావు చూసి మురవడమే తప్ప, ఆ పిండి సాగుతుందా లేదా అని ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు. పైన పటారం, లోన లొటారం. ఆ వేళ వంటశాలకు వచ్చిందీ ఆ గోధుమే.

మర్నాడు కొలువులో, ఆడలేక మద్దెల ఓడన్నట్టు పంతులు తప్పును పాత గోధుమ మీదికి నెట్టాడు. రైతుల సన్న గింజలు కొన్ని కలిసి తన పిండిని చెడగొట్టాయట. రాజ్యంలోని పాత విత్తనమంతా ఏనుగులకు మేపేసి, ఊరూరా తన వంగడమే చల్లించాలట. రాజు తల ఊపాడు. ఆజ్ఞ రాయడమూ అయిపోయింది. ఇక ముద్ర పడటమే తరువాయి.

రాజుగారి తాంబూలపు పెట్టె మోసే సిద్ధయ్య పక్కనే నిలబడి ఇదంతా విన్నాడు. అతని మామగారి ఊరంతా ఆ సన్న గోధుమ మీదే బతుకుతోంది. ఏనుగు నోట్లో పడ్డ విత్తనం మళ్లీ దొరకదు.

రాజుకు ఆకులు అందిస్తూ కబుర్లలోకి దిగాడు. మంచి గోధుమ నమిలేకొద్దీ బంకై పళ్లకు పట్టుకుంటుందనీ, ఆ పట్టు ఉంటేనే భక్ష్యం చిరగదనీ చెప్పాడు.

“పంతులుగారి గోధుమ నమిలితే పొద్దుగూకేదాకా నోరు తెరుచుకోదేమో ప్రభూ” అన్నాడు అమాయకంగా.

“పొద్దుగూకేదాకానా? రేపటిదాకా తెరుచుకోదు” అని పంతులు కొలువుకు తెచ్చిన తన గింజలు గుప్పెడు నోట్లో పోసుకున్నాడు.

నమిలాడు. బంక కాలేదు సరికదా, జావ అయింది. ఆ సంగతి ఒప్పుకుంటే సస్యబ్రహ్మ ఎలా అవుతాడు? పెదవులు బిగించి, నోరు అతుక్కుపోయిందని చేత్తో సైగ చేశాడు. సభ నివ్వెరపోయింది. పంతులు నోరు మూతపడటం చూడటం వాళ్లకు అదే మొదలు.

సిద్ధయ్య చేతులు జోడించాడు. “ముద్ర వేసేముందు ఒక్క మాట ప్రభూ. ఈ గోధుమను పుట్టించింది పంతులుగారు కాదు, వారి తోడల్లుడు చెన్నుభట్టు అని విన్నాను. కాదంటే పంతులుగారే చెప్పాలి.”

పంతులు కళ్లు మిడిగుడ్లయ్యాయి. తలా చేతులూ అడ్డంగా ఊపాడు.

“తనకు ఏ పేరూ వద్దంటున్నారు. ఎంత వినయం!” అన్నాడు సిద్ధయ్య.

మౌనం అర్ధాంగీకారమని రాజు కూడా ఒప్పుకున్నాడు. ఆజ్ఞలో పేరు మార్చమన్నాడు. లేఖకుడు పంతులు పేరు కొట్టేసి తోడల్లుడి పేరు మొదలుపెట్టాడు. ఇంకెవరి పేరు రాసినా పంతులు ఓర్చుకునేవాడేమో. తోడల్లుడి పేరును ఎలా ఓర్చుకుంటాడు?

“అబద్ధం! ఆ గోధుమ నాది! నేనే పుట్టించాను!”

నోట్లోని జావంతా తుంపరలై ఆజ్ఞాపత్రం మీదా, రాజుగారి ముంజేతి మీదా పడింది. సిరా అలికిపోయింది. సిద్ధయ్య భుజం మీది గుడ్డతో రాజుగారి ముంజేయి తుడుస్తూ అన్నాడు:

“పంతులుగారి నోటినే పట్టి ఉంచలేని పిండి, ఏలినవారి పూర్ణాన్ని ఏం పట్టి ఉంచుతుంది ప్రభూ?”

రాజు పడీ పడీ నవ్వాడు. ఆయన నవ్వాక సభ ఎందుకు ఆగుతుంది? ఆ నవ్వుల మధ్యే ఆజ్ఞను రాజు స్వయంగా చింపేశాడు. చేతి కంకణం తీసి సిద్ధయ్యకు తొడిగాడు. సస్యబ్రహ్మ మాత్రం ఇంకా మూతి తుడుచుకుంటూనే ఉన్నాడు.