గంజి ఆవిరి

మేదరి పోలమ్మ అద్దెకున్న గదిలో వానాకాలం రాగానే గోడంతా నల్లగా బూజు పట్టేది. కడిగినా, సున్నం కొట్టినా మళ్లీ వచ్చేది. చంటిబిడ్డకు దగ్గు ఆగేది కాదు.

"మీ గంజి ఆవిరికే ఆ బూజు. గోడ బంగారంలా ఉంది," అనేవాడు ఇంటి యజమాని, ఆస్థాన పండితుడు విరూపాక్షయ్య. పోలమ్మ ఫిర్యాదు చేస్తే రాజుగారి ముందూ అదే అన్నాడు.

"అయితే ఈ వానాకాలం మేం అరుగు మీదే వండుకుని పడుకుంటాం ప్రభూ. ఆ గదిలో పండితులవారి తాళపత్రాలు పెట్టించి తాళం వేయించండి," అంది పోలమ్మ.

"అమ్మో! నా గ్రంథాలు కుళ్లిపోతాయి!" అని అరిచాడు పండితుడు.

సభంతా నవ్వింది. పోలమ్మ నవ్వలేదు.

"ఆకులే కుళ్లిపోయే గదిలో నా బిడ్డ ఎలా బతుకుతుందనుకున్నారయ్యా?"

రాజుగారు కొత్త గోడ కట్టించమన్నారు. పాత గోడ పోయింది. బిడ్డ దగ్గు మాత్రం పోలేదు.