నిలువుగా, అడ్డంగా

ఒక గంగిరెద్దు ముసలిదైంది. కాళ్ళు వంగడం మానేశాయి, అది వీధులు తిరగడం మానేసింది. దాన్ని ఆడించినవాడు మెడలో ఒక్క గంట మాత్రం ఉంచి, బొంతా కుచ్చులూ విప్పుకుని తన దారిన తను పోయాడు.

ఊరు మాత్రం మాట ఇచ్చింది. ఇన్నేళ్ళు మా గుమ్మాల ముందు ఆడింది కాబట్టి, బతికున్నన్నాళ్ళు రోజూ ఒక తొట్టెడు కుడితి, ఒక మోపు గడ్డి దీనికి మేం పెడతాం అంది. కుడితి పోసే పని పోలమ్మది. వానొచ్చినా వరదొచ్చినా పొద్దున్నే తొట్టి నిండేది. ఎద్దుకు ఇక చచ్చేదాకా చింత లేదు. అదిగో, సరిగ్గా అలాంటివాళ్ళను వెతుక్కుంటూనే సలహాలిచ్చేవాళ్ళు వస్తారు.

వచ్చింది ఒక తొండ. గోడ మీద కూర్చుని తల పైకీ కిందికీ ఊపింది. ఎద్దు ముచ్చటపడిపోయింది. బుద్ధెరిగినప్పటి నుంచి అది చేసిన పని ఒక్కటే. అయ్యగారు చల్లగా ఉండాలా అంటే తలూపడం, అమ్మగారి ఇంట పెళ్ళి జరుగుతుందా అంటే తలూపడం. ప్రశ్న ఏదైనా సరే, ముక్కుతాడు కాస్త కదిలితే చాలు. తనలాగే తలూపేది ఇంకొకటి కనబడేసరికి, ఇది మనదే అనుకుంది పాపం.

“ఏం బావా, బాగున్నావా?” అంది తొండ.

“మహారాజులా ఉన్నాను. పొద్దున్నే కుడితి వస్తోంది.”

“వాళ్ళు పోస్తే వస్తోంది. రేపు నువ్వు కన్ను మూస్తే తొట్టి బోర్లించేస్తారు. అదే, కుడితి మానేసి, నీకు రావలసినదంతా గడ్డిగా ఇప్పుడే ఒక్కసారిగా తీసేసుకున్నావనుకో, నీకో సొంత వాము! ఎవరి దయా అక్కర్లేదు.”

సొంత వాము అనే మాట ఎద్దుకు బెల్లంలా తగిలింది. అయినా అడిగింది. “మరి వాము ఎక్కడ వెయ్యాలి?”

“కాలవ పక్కన, పల్లంలో. నీళ్ళ పక్కనుంటే గడ్డి పెరుగుతుంది.”

“ఎండుగడ్డి పెరుగుతుందా?”

“నువ్వు వీధుల్లో ఆడావు, నేను వాముల్లో పుట్టాను. గడ్డి సంగతి ఎవరికి తెలుస్తుంది?”

“అదీ నిజమే. మరి నీకేం ఇచ్చుకోను?”

“ఛఛ, మనలో మనకేంటి! వాములో పురుగూ పుట్రా ఉంటే ఏరుకు తింటాను, అంతే. అదీ నీ మేలుకే.”

తర్వాత తొండ గొంతు సవరించుకుని గబగబా మూడు ప్రశ్నలు అడిగింది. వాన పడొచ్చని తెలుసు కదా? పెరగాల్సిన గడ్డి తరిగినా తరగొచ్చని తెలుసు కదా? చెప్పిందంతా అర్థమైంది కదా? ఎద్దు మూడుసార్లు తలూపింది. తొండ గోడ మీద మూడు గీతలు గీసుకుని, వాటిని ఊరికి చూపించింది.

ఇక ఊరి సంగతి చెప్పాలా? పగిలిన వీధి కుళాయి మార్చడానికి మూడేళ్ళు పట్టిన ఊరది. ఎద్దుకు వాము వెయ్యడానికి మాత్రం మూడు రోజులు కూడా పట్టలేదు. రోజూ పోసే పీడ వదిలిందని ఇంటికొకరు వచ్చి మోపులు మోశారు.

మొదటి వానకు వాము ఉబ్బింది. “చూశావా, పెరిగింది!” అంది తొండ. ఎద్దు మురిసిపోయి తలూపింది. రెండో వానకు వాము అడుగు నుంచి నల్లబడింది. మూతి పెడితే వేడి, కంపు, తెల్లటి పురుగులు. ఎద్దు నాలుగు పరకలు నమిలి ఉమ్మేసింది. తొండ మాత్రం వాము మీదే ఉంది, బొద్దుగా, నున్నగా. గడ్డి ఎంత కుళ్ళితే దానికి అంత పండగ అని ఎద్దుకు అప్పుడు తెలిసింది. అయ్యో, ముందే అడగవలసిన ప్రశ్న అదొక్కటే కదా!

“ఇది తొండి!” అని అరిచింది ఎద్దు. “నా నోటి దగ్గర కూడు లాగేశావు!”

“తలూపావు కదా బావా” అంది తొండ, తలూపుతూ.

ఎద్దు ఈడ్చుకుంటూ పోలమ్మ గుమ్మానికి వెళ్ళింది. “తల్లీ, ఆ తొట్టి మళ్ళీ నింపవా?”

“ఏం చెయ్యను బసవన్నా? ఇక కుడితి వద్దని నువ్వే తలూపావట కదా. తొట్టిలో నేను బంతి మొక్కలు పెట్టుకున్నాను” అంది పోలమ్మ. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నిజంగానే బాధపడింది. బంతి మొక్కలు మాత్రం పీకలేదు.

ఊరి చివర ఒక తాబేలు ఉంది. అన్యాయమైపోయినవాళ్ళ మొర వినడం దాని ఉద్యోగం. పుట్టుకతోనే వీపు మీద ఇల్లున్న జీవి, వానకు తడిసిన తిండి దానికేం తెలుస్తుంది! ఎద్దు మొర విని, “అందింది. నీ వంతు వచ్చినప్పుడు పిలుస్తాం” అంది. ఆ వంతు రావడానికి ఏడాది పట్టింది. అన్నాళ్ళూ ఎద్దు గోడల మీది కాగితాలు పీక్కుని, వాటికున్న మైదా జిగురు నాకి బతికింది.

దాని డొక్కలు చూసి ఒక ముసలి బర్రెకు ఒళ్ళు మండింది. “ఓరి పిచ్చి సన్నాసీ, నీ కొంప ముంచింది సగం ఆ తొండ, సగం నీ మెడ. అడ్డంగా ఊపడం నేర్చుకో ముందు!”

“నాకు రాదక్కా. ఎవరూ నేర్పలేదు.”

“చెవి దగ్గర ఈగ ముసిరితే ఏం చేస్తావు? అదే.”

ఎద్దు నేర్చుకుంది. మొదట మెడ తిరగలేదు. ముక్కుతాడు పడిన చోట సలిపింది. ఆకలితో కళ్ళు తిరుగుతున్నా రోజూ గోడకేసి నిలబడి తల అడ్డంగా ఊపింది. వద్దు. కాదు. ఒప్పుకోను. ఏడాది తిరిగేసరికి దాని ఒంట్లో మిగిలిన బలమంతా ఆ ఒక్క ఊపులోనే ఉంది.

పిలుపు వచ్చింది. ఎద్దు నోరు తెరవబోతే తాబేలు ఆపింది. “మాటలు రాసుకోవడానికి మా దగ్గర చోటు లేదు. అడిగినదానికి తల ఊపు. నిలువుగా అయితే అవును, అడ్డంగా అయితే కాదు. తొండ అడిగినప్పుడు నువ్వు తలూపావా?”

ఊపింది నిజమే. ఎద్దుకు అబద్ధం రాదు. తల నిలువుగా ఊపింది.

“వాన పడొచ్చని నీకు తెలుసా?”

వాన సంగతి తెలియనిదెవరికి? మళ్ళీ నిలువుగానే ఊపింది.

“వాము నీదేనా?”

కుళ్ళిపోయినా తనదే. మూడోసారీ నిలువుగానే.

“అయితే తొండ తప్పేమీ లేదు” అంది తాబేలు. గోడ మీద తొండ తలూపింది.

కుడితి, పోలమ్మ, ముక్కిన గడ్డి, మైదా జిగురు, అన్నీ ఎద్దుకు గుర్తొచ్చాయి. ఒప్పుకోను, చచ్చినా ఒప్పుకోను అనుకుంది.

“చివరి ప్రశ్న” అంది తాబేలు. “ఈ తీర్పు మీద నీకేమైనా అభ్యంతరం ఉందా?”

ఏడాదిగా దాచుకున్న ప్రాణమంతా మెడలోకి తెచ్చుకుని ఎద్దు తలను అడ్డంగా ఊపింది. మెడలో గంట ఊరంతా వినబడేలా మోగింది. ఊపిరి అందకపోయినా ఆపలేదు.

“లేదు” అని రాసుకుని తాబేలు తల లోపలికి లాక్కుంది.