తలంబ్రాల కంప

అనగా అనగా ఓ రాజుకి ఇద్దరు రాణులు. చెరో కొడుకు. పెద్దరాణి కొడుకు విజయపాలుడు, చిన్నరాణి కొడుకు చిత్రభానుడు.

ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడొకడు ఆ రాజ్యం మీద తలంబ్రాల కంప విత్తనాలు చల్లాడు. పసుపూ ఎరుపూ కలిసిన చిట్టి పూలు, చూస్తే ముద్దొస్తాయి. పొదలు మాత్రం బీడును మింగాయి, పొలాన్ని మింగాయి, అడవిని మింగాయి.

ఆ పొదలో దాగిన అడవిపంది ఒకటి రాజు కాలు చీల్చింది. పుండు మానలేదు. చిత్రభానుడు మందు కోసం ఏడు సముద్రాలు దాటాడు. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందని ఒక జింక చెప్పింది. చిలకకేమో నల్లగా పండిన కంపపళ్లంటే పిచ్చి. అవి అరచేతిలో పెట్టుకు కూర్చున్నాడు. చిలక వాలింది. పట్టేశాడు.

మాంత్రికుడు లబలబలాడాడు. "దాని మెడ నులమకు నాయనా! ఆ కంప ఆకే నూరి పుండు మీద కట్టు. లోపలికి మాత్రం పోనివ్వకు. ఆకూ విషమే, పచ్చికాయా విషమే."

చిత్రభానుడు చిలకను పంజరంలో పెట్టి తెచ్చాడు, ప్రాణం కోసం మాంత్రికుడూ వెంటే వచ్చాడు. ఆకు కట్టాక రాజు కాలు మానింది. ఊరంతా చిత్రభానుడి పేరే. పెద్దరాణికి అన్నం సయించలేదు. చిన్నరాణి నవ్వితే మంట, గాజులు గలగలమంటే మంట, ఊరకున్నా మంట.

చిన్నరాణి ఆకుముద్ద తెచ్చి, "అక్కా, దెబ్బలకు ఉంచుకో. లోపలికి మాత్రం వద్దు" అంది.

'దాస్తోంది' అనుకుంది పెద్దరాణి. 'పైపూతకే ఇంత పేరొస్తే, తాగితే ఇంకెంత! తన కొడుక్కి తాగిస్తుంది, నా వాడికి వద్దంటుంది.'

కషాయం కాచింది.

"చేదమ్మా!"

"తాగు నాన్నా. వాడికన్నా మొనగాడివవుతావు."

రెండు రోజులకు విజయపాలుడి కళ్లు పచ్చబడ్డాయి. ఎండ తగిలిన చోటల్లా ఒళ్లు పొక్కింది.

పెద్దరాణి చిన్నరాణి గుమ్మంలో నిలబడింది.

"చెల్లీ... తాగించాను."

చిన్నరాణి కొడుకుని కేకేసింది. చిత్రభానుడు చిలక పంజరం ఎత్తాడు. "విరుగుడు చెప్పు!"

"దీనికి మంత్రం లేదు" అంది చిలక. "చీకటి గదిలో ఉంచండి. బొగ్గుపొడి నీళ్లు పట్టండి. ఆ పైన వాడి అదృష్టం."

ఆ చీకట్లో తల్లులిద్దరూ చెరోపక్కా కూర్చున్నారు. చాన్నాళ్లకు విజయపాలుడు "ఆకలమ్మా" అన్నాడు.

"కంపంతా పీకితేనే నీ చిలకను వదిలేది" అన్నాడు చిత్రభానుడు మాంత్రికుడితో. వాడు ఇక్కడ పీకుతుంటే, పిట్టలు పళ్లు తిని అక్కడ విత్తుతున్నాయి. ఇంకా పీకుతూనే ఉన్నాడు.

అన్నదమ్ములకు ఒకే పందిట్లో పెళ్లి. పిల్లలు ముచ్చటపడి తలంబ్రాల పళ్లాల్లో ఆ కంప పూలు కలిపారు. పెద్దరాణి కూర్చుని ఏరుతోంది.

"అక్కా, ముహూర్తం దాటిపోతోంది!"

"ఉండు. ఒక్క పచ్చికాయ కూడా ఉండకూడదు."

"నీ కోడలి పళ్లెం అయిపోయిందిగా? ఇది నా కోడలిది."

"తెలుసు" అంది పెద్దరాణి, తలెత్తకుండా.

చిన్నరాణి చీర అంచు తనదానికన్నా వెడల్పుగా కనబడుతూనే ఉంది. అయినా ఏరింది. ఆ పళ్లాల్లోంచి దోసిళ్లతో పోసుకున్నవాళ్లు చాలాకాలం చల్లగా ఏలారు.