ఆడవరుసలో చోటు లేని గొంతు

పూర్వం గోవిందగిరి రాజుగారు పాటల పోటీ పెట్టారు. ఆడవాళ్లలో నెగ్గినవారికి పట్టుచీర, మగవాళ్లలో నెగ్గినవారికి ఆస్థానంలో కొలువు. గొంతులు పరీక్షించి వరుసల్లో చేర్చే పని విద్వాంసుడు విరూపాక్షశాస్త్రిది.

నాట్లు వేసుకునే పైడమ్మ వచ్చి పాట ఎత్తుకోగానే శాస్త్రి ఉలిక్కిపడ్డాడు. అంత మంద్రమైన స్వరం ఆడమనిషి నోట ఆయన ఎన్నడూ వినలేదు.

"ఇది ఆడగొంతు కాదు. శాస్త్రం ఒప్పుకోదు, వెళ్లు," అన్నాడు.

"చిత్తం అయ్యగారూ. ఆ మాటే తాటాకు మీద రాసివ్వండి. ఊరికే చెబితే మావాళ్లు నమ్మరు."

పీడ వదులుతుందని శాస్త్రి 'ఇది మగగొంతు' అని రాసి ముద్ర వేశాడు.

మర్నాడు మగవరుసలో ఆమెను చూసి ఆయన అడ్డుకున్నాడు. "ఆడదానికి ఇక్కడేం పని?" అన్నాడు.

పైడమ్మ ఆ ఆకును సభలో కూర్చున్న రాజుకు అందించింది. "మహారాజా, నిన్న ఆడగొంతు కాదని పంపేశారు. ఇవాళ ఆడదాన్నని పొమ్మంటున్నారు. రెండింటిలో ఏది శాస్త్రమో అయ్యగారినే చెప్పమనండి. ఆ వరుసలోనే పాడతాను."

తన ముద్రను తానే కాదనలేక శాస్త్రి పక్కకు తప్పుకున్నాడు.

పైడమ్మ పాడింది. పాట అయిపోయినా సభలో ఎవరూ కదల్లేదు. కొలువు ఆమెకే దక్కింది.

"శాస్త్రిగారూ, ఈ గొంతును ఏ రకమని రాయించమంటారు?" అని అడిగాడు రాజు.

శాస్త్రి ఇంకా తేరుకోలేదు. "పైడమ్మ గొంతని రాయించండి ప్రభూ," అన్నాడు మెల్లగా.